లోపలి గడియ

మాచర్ల బస్టాండు పక్కన నేను ముంజెలమ్మిన ఎండాకాలాలు ఎన్నో ఉన్నాయి గానీ, మా గురవమ్మ చలివేంద్రంలో కూర్చుని నీళ్లు పోసిన ఎండాకాలం ఒక్కటే. ఎనభై అయిదో ఎనభై ఆరో అయ్యుంటుంది. ఏడు సరిగ్గా చెప్పమంటే తడుముకుంటాను గానీ, ఆ పిల్ల ఏ చీర కట్టుకుని బస్సు దిగిందో అడగండి, ఇప్పటికిప్పుడు చెబుతాను. పసుపుపచ్చ చీర, ఎర్రంచు. కుచ్చిళ్లు తనే పెట్టుకుంది. రెండు కళ్లూ ఉన్న నా కుచ్చిళ్లు ఎప్పుడూ ఒకటి పైకి ఒకటి కిందికి ఉండేవి. దానివి మాత్రం గీత గీసినట్టుండేవి.

గురవమ్మ మా చెల్లెలు మల్లమ్మ కూతురు. పుట్టుగుడ్డి కాదు. వాళ్లుండేది దుర్గి పోయే దారిలో, నాపరాయి గనుల కాడ. మా మరిది బసవయ్య రాయి తీసేవాడు, మల్లమ్మ తీసిన రాయి మోసేది. పిల్లకి నడకొచ్చిన ఏడు తట్టు పోసింది. ఒళ్లు చల్లబడింది గానీ కళ్లు ఎర్రగా అట్నే ఉండిపోయినయ్యి. ఆకు పసరు పిండితే తగ్గుతుందని ఎవరో అన్నారు, పిండారు. ఆ అన్నావిడా పోయింది, ఆ ఆకు పేరూ ఎవరికీ గుర్తు లేదు. చూపు మాత్రం మళ్లీ రాలా.

చూపు లేని పిల్లని గనుల కాడ పెంచటమంటే మాటలు కాదు. గడప దాటి నాలుగు బారలు పోతే గుంట. ఆ పక్కన తూటాలు పేలుస్తారు. అందుకని ఆలుమగలు పనిలోకి పోయేటప్పుడు పిల్ల నడుముకి నులకతాడు కట్టి, ఆ కొస గుడిసె నిట్రాటకి ముడేసి పోయేవాళ్లు. తాడు ఎంత పొడుగో దాని లోకం అంత. చూసినవాళ్లు అయ్యో అనేవాళ్లు. అన్నవాళ్లందరికీ మల్లమ్మ ఒకటే జవాబు చెప్పేది, పోనీ నువ్వు తీసుకుపోయి చూసుకో అని. ప్రేమ లేక కట్టలా, ఉండబట్టే కట్టారు. గుంటలో పడ్డ మేకపిల్లల్ని వాళ్లు చానా చూశారు.

నరసరావుపేటలో చూపు లేని పిల్లలకి బడి ఉందనీ, తిండీ బట్టా వాళ్లే చూస్తారనీ ఒక నర్సమ్మ చెబితే తీసుకుపోయి అందులో చేర్పించారు. తాడు విప్పితే నడుం చుట్టూ నల్లటి చార. అది పెద్దయినాక కూడా పోలేదు.

ఆ బడిలో హైమావతి టీచరమ్మ అని ఒకావిడ ఉండేది. పెళ్లి చేసుకోలేదు, ఈ పిల్లలే తన పిల్లలనుకుంది. ఆవిడది ఒకటే పట్టు. చుక్కలు తడిమి చదివే చదువు వస్తే మంచిదే, రాకపోయినా ఫరవాలేదు. తన పని తను చేసుకోవటం మాత్రం రావాలి. ఎవరూ లేని ఇంట్లో ఒక్కతే ఉన్నా, పూట గడవాలి. కర్ర పట్టుకుని రోడ్డు దాటటం నేర్పింది. వేలితో తడిమి ఇది పావలా, ఇది అర్ధరూపాయి అని చెప్పటం నేర్పింది. కిరసనాయిలు పొయ్యి వెలిగించటం, అన్నం ఉడికే చప్పుడు మారిందా లేదా అని చెవి పెట్టి వినటం, చీర కట్టటం, తల దువ్వుకోవటం, అన్నీ. ఒలక్కుండా నీళ్లు పొయ్యటం కూడా నేర్పింది. గ్లాసు ఎడం చేత్తో పట్టుకుని, చూపుడు వేలు అంచు మీంచి లోపలికి వంచి పెట్టాలి. చెంబు వంచితే నీళ్లు పైకొచ్చి వేలికి తగులుతాయి. తగలగానే ఆపాలి. అంతే. ఒక్క చుక్క కింద పడదు.

ఏడాదికోసారి పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచేవాళ్లు. ఒకసారి నేనూ పోయాను. చూపు లేని ఆడపిల్లలు వరసగా నిలబడి, చెంబుల్లోంచి గ్లాసుల్లోకి నీళ్లు పోసి, ఎవరి అమ్మానాన్నలకి వాళ్లు తీసుకొచ్చి ఇచ్చారు. మా బసవయ్య ఆ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, తీర్థం తాగినట్టు తాగాడు. తాగి అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆ రోజు ఆ హాల్లో ఉన్నవాళ్లమంతా అమ్మలం, నాన్నలం, పెద్దమ్మలం. ఎవరి పిల్ల వేలు వాళ్లకి ఎంగిలా? ఆ వేలు ఎవరికీ కనపడలా. కళ్లున్నవాళ్లందరిలో ఒక్కరికీ కనపడలా.

పద్దెనిమిది దాటినాక ఆ బడిలో ఉంచుకోరు. కుర్చీలల్లటం నేర్చిన మగపిల్లలు కొందరు ఆఫీసుల్లో కుదిరారు. ఆడపిల్లల కోసం టీచరమ్మ తిరగని గడప లేదు. పాపం, ఊళ్లు తిరిగి తిరిగి ఆవిడ చెప్పులే అరిగినయ్యి. పిల్లలు ఒక్కొక్కరే ఇళ్లకి పోయారు. పోయి ఏం చేస్తున్నారని ఉత్తరాలు రాయించేది. కూర్చుంటున్నాం అని జవాబులు వచ్చేవి.

ఇట్టా ఉండగా బస్టాండు పక్కన ఏటేటా చలివేంద్రం నడిపే రాజమ్మ, సత్తెనపల్లిలో కూతురి దగ్గరికి పోయింది. ఆ చలివేంద్రం ధనుంజయరావుగారిది. పత్తి మిల్లు ఆయన. తండ్రి పేరు మీద ఎండాకాలమంతా తాటాకు పందిరి వేయించి, ఇసకలో కుండలు పెట్టించి, నీళ్లు పోయించేవాడు. వెనకాలే వాళ్లదే సత్రం. నీళ్లు పోసే మనిషికి సత్రంలో మెట్ల కింద గది. ఎండాకాలం బాగా గడిస్తే ఏడాది పొడుగునా ఆ సత్రంలోనే పని, ఊడవటం, బిందెలు నింపటం, ఆ గది ఆ మనిషిదే. నేను వాళ్ల గుమాస్తా వెంకటప్పయ్యని పట్టుకుని, మా పిల్ల ఉందయ్యా, నీళ్లు పొయ్యటం బళ్లో నేర్చుకున్న పిల్ల అన్నాను. ఆయన నవ్వాడు. నీళ్లు పొయ్యటానికి కూడా బడి ఉందా అక్కా, మేం చదువుకోకుండానే పోస్తన్నామే అన్నాడు. అయినా తీసుకు రమ్మన్నాడు.

ధనుంజయరావుగారి అరుగు మీదే గురవమ్మ చెంబు తీసుకుని, గ్లాసులోకి పోసి, రెండు చేతుల్తో అందించింది. ఆయన మంచివాడే. తీసుకుని, ఇప్పుడే కాఫీ తాగానమ్మా అని పక్కన పెట్టి, ఒక్క చుక్క ఒలకలేదే అని చానా మెచ్చుకున్నాడు. పనిలోకి రమ్మన్నాడు.

ఆ గది చూపించటానికి నేనే తీసుకుపోయాను. గది అంటే గది కాదు, మెట్ల కింద ఖాళీ. ఒక చాప పరుచుకుంటే ఇంకో చాపకి చోటు లేదు. గురవమ్మ గోడల వెంట చేతులు పెట్టుకుంటా వచ్చి, తలుపు కాడ ఆగింది. దాని వేళ్లు ఇనప గడియ మీద ఉన్నాయి.

"పెద్దమ్మా, ఇది లోపల్నించా?"

"లోపల్నించే తల్లీ."

ఆ మాటకి అదేం చేసిందో తెలుసా, నన్ను బయటికి నెట్టి తలుపేసుకుని గడియ పెట్టుకుంది. నేను కంగారుపడి తట్టాను. లోపల్నించి, ఎవరు అని అడిగింది. ముంజెలమ్మే రత్తమ్మనమ్మా అన్నాను. "ఇయ్యాల వద్దులే, రేపు రా" అంది. అని లోపల ఒకటే నవ్వు. అంత నవ్వు ఆ పిల్ల దగ్గర ఉందని అప్పటిదాకా నాకు తెలవదు. తరవాత చెప్పింది. చిన్నప్పుడు తాడు. గుడిసెకి తడికె, దానికి గడియేంది. హాస్టల్లో తలుపులున్నాయి గానీ పొద్దుగూకంగానే ఆయా బయట తాళమేసేది. పుట్టి బుద్ధెరిగినాక తను ముయ్యాలనుకుంటే మూసి, తియ్యాలనుకుంటే తీసే తలుపు ఇదొక్కటేనంట. ఈ గది నాకు ఉంటే చాలు పెద్దమ్మా, ఇంకేమీ వద్దు అంది. నేను ఆ మాట విన్నాను గనకనే మిగతాదంతా ఇంత గుర్తుంది.

చలివేంద్రానికి ఇటు నా ముంజెల గంప, అటు అలీ సాహెబు సోడా బండి. మొదట్లో బాగానే జరిగింది. దుర్గి బస్సు, కారెంపూడి బస్సు, సాగర్ నించి వచ్చే బస్సు, ఏటి అవతలి జనం, అందరూ ఎండలో దిగి పందిట్లోకి వచ్చేవాళ్లు. ఈ పిల్ల అడుగుల చప్పుడు పట్టి, ఎంతమంది వచ్చారో చెప్పి, వరసగా పోసి ఇచ్చేది. అయ్యో, చూపు లేకుండానే ఎంత బాగా చేస్తందమ్మా అనేవాళ్లు. అలీ సాహెబు ఎకసెక్కంగా, నా వ్యాపారం ముంచటానికి వచ్చావే బేటీ అనేవాడు. మీ సోడాకి డబ్బులు, నా నీళ్లకి పుణ్యం, ఎవరిది పెద్ద వ్యాపారం మామా అని ఈ పిల్ల అనేది.

ఒకరోజు పెళ్లివాళ్ల బస్సు ఆగింది. పట్టుచీరలు, తెల్లపంచెలు. ఒక పెద్దావిడ గ్లాసందుకోబోయి ఆగి, గ్లాసులోకి చూసి, పిల్ల చేతికేసి చూసింది. పక్కనున్న మనవడి చేతిలో గ్లాసు కూడా లాక్కుని, రెండూ కలిపి నేల మీద పారబోసింది. ఆవిణ్ని చూసి వెనకవాళ్లు. వాళ్లని చూసి ఇంకో వాళ్లు. కొందరు ఎవరి పిల్లవమ్మా అనడిగి, గనుల కాడి పిల్లనని చెబితే, తలాడించి పారబోసేవాళ్లు. అక్కడి నించి అది పట్టుకుంది. ఆకలన్నా ఆపుకోవచ్చు, ఆ ఎండకి దప్పిక ఆపుకోవటం కష్టం. అట్టాంటి ఎండలో నాలుక పిడచగట్టుకుపోయిన మనుషులు చల్లటి నీళ్లు చేతికందితే నేల మీద పోసి, అటు పోయి సోడా కొనుక్కున్నారు. వేలు ముంచిన నీళ్లు మరి.

గురవమ్మకి ఇదంతా వేలు వల్లనేనని తెలవదు గానీ, నీళ్లు నేల మీద పడే చప్పుడు తెలవకుండా ఎట్టా ఉంటుంది. ఎందుకు పారబోస్తన్నారు అనడిగింది. నేను గంపలో ముంజెలు సర్దుకుంటా ఉండిపోయాను. అలీ సాహెబు బండి మీంచే, కాళ్లు కడుక్కుంటన్నారు బేటీ అన్నాడు. ఇంతమందికి కాళ్లు కడుక్కునే పనేముంది మామా, బస్సెక్కేవాళ్లా గుళ్లోకి పోయేవాళ్లా అంది. అలీ సాహెబు తల వంచుకుని గోళీ సోడా కొట్టుకుంటా ఉండిపోయాడు. ఆ వారం ఆయనకి అమ్మకం రెట్టింపయింది. ఆ మాట ఎత్తితే ఆయనకి కోపమొచ్చేది.

చివరికి అసలు సంగతి దానికి చెప్పింది వెంకటప్పయ్యే. కర్కోటకుడేం కాదు, పైవాడు అడిగితే జవాబు చెప్పుకోవాల్సినవాడు. పందిట్లోకొచ్చి నిలబడి, "చూడమ్మాయ్, గ్లాసులో వేలు ముంచి ఇస్తే ఎవరు తాగుతారు? వేలు ముంచకుండా పోసేటట్టయితే పొయ్యి, లేకపోతే లే" అన్నాడు.

గురవమ్మ చేతిలో గ్లాసు అట్నే ఉంది. కాసేపటికి వేలు బయటికి తీసి, చీర చెంగుకి తుడుచుకుంది. తుడుచుకుని మళ్లీ తుడుచుకుంది.

మర్నాటి నించి వేలు లేకుండా పొయ్యటం మొదలెట్టింది. నీళ్లు నిండేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది, అది వింటే తెలుస్తుందంట. ఆ బస్టాండులో ఏం వినపడుతుంది? బస్సుల హారన్లు, కండక్టర్ల అరుపులు, పల్లీలమ్మేవాళ్లు. గ్లాసు నిండి పొంగేది, తాగేవాళ్ల చొక్కా మీద పడేది, కాళ్ల మీద పడేది. లేకపోతే సగం గ్లాసిచ్చేది. బండి మీద తోలించిన నీళ్లు. మజ్జానానికే కుండలు ఖాళీ. పందిరి కింద బురద. వెంకటప్పయ్య వచ్చి ఆ బురద చూసి, పంచె ఎత్తి పట్టుకుని నిలబడేవాడు.

నేను గంప దగ్గరికి జరుపుకుని కూర్చుని, నిండంగానే "చాలు" అనటం మొదలెట్టాను. కొన్నాళ్లు అట్టా గడిచింది. నా బేరగాళ్లు వచ్చినప్పుడు నేను ముంజె కొట్టుకుంటా ఆ మాట మర్చిపోయేదాన్ని, మళ్లీ పొంగేది. ఒకనాడు ధనుంజయరావుగారే కారులో పోతా ఆగి చూశాడు. పొయ్యటానికి ఒకరు, చాలనటానికి ఒకరా, ఆ చాలనే మనిషినే పెట్టుకుంటే పోయేదిగా అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది కాసేపు. గురవమ్మకి రాలేదు. ఆ సాయంత్రం నాతో, ఇక చాలనొద్దు పెద్దమ్మా అంది.

అప్పుడు టీచరమ్మకి కార్డు రాయించాను. రెండో రోజుకే ఆవిడ నరసరావుపేట బస్సు దిగింది. ఎండకి మొహం నల్లబడింది. వచ్చి పందిట్లో ఒక మూల నిలబడి చూసింది. జనం రావటం, గ్లాసులోకి వంగి చూడటం, పొంగటం, చొక్కాలు దులుపుకోవటం, అంతా చూసింది. చూసి నా గంప పక్కన మట్టిలోనే కూలబడింది. చెట్టు కింద కూర్చోండమ్మా అన్నా లేవలా.

"పిల్లలు తాము తాగటానికి నేర్పాం రత్తమ్మా. పరాయివాళ్లకి ఇవ్వటానికి నేర్పలేదు" అంది.

అంతలోనే ఆవిడకి ఏదో తోచినట్టుంది. లేచి ఊళ్లోకి పోయి, పాలవాళ్ల దగ్గర ఉంటుందే పొడుగు కాడ ఉన్న కొలత డబ్బా, అది ఒకటి కొనుక్కొచ్చింది. కుండలో ముంచితే ఒక్క గ్లాసుకి సరిపడా నీళ్లు వస్తాయి. చెయ్యి కుండలోకి పోదు, వేలు గ్లాసులోకి పోదు. కొలత మూతిని గ్లాసు అంచుకి ఆనించి వంచటమే. గురవమ్మ ఒకసారికి పట్టేసింది. ఒక గ్లాసు పోసి టీచరమ్మకిచ్చింది. చుక్క ఒలకలా, అంచు దాకా కొలిచినట్టు నిండింది. టీచరమ్మ తాగింది, నేను తాగాను, అలీ సాహెబు బండి వదిలేసి వచ్చి తాగి, ఇక నా బండి మూసుకోవాల్సిందే అన్నాడు. టీచరమ్మ సంతోషంగానే బస్సెక్కింది.

ఆ కొలత ముందే ఉంటే ఏమయ్యేదో. అప్పటికే వేలు ముంచే పిల్ల అని పేరు పడిపోయింది. పేరు పడ్డాక వేలు ఉంటే ఎంత, లేకపోతే ఎంత. కండక్టర్లు బస్సులోనే చెప్పేవాళ్లు, ఆ పందిట్లో నీళ్లు తాగొద్దు, ముందుకి పోతే పంపు ఉందని. పొడుగు కాడ చూసి ఆగినవాళ్లు కూడా ఏదో ఒకటి అనేవాళ్లు. ఒకాయన అన్నాడు, వేలు సంగతి పక్కన పెట్టు, ప్రయాణమై పోయేటప్పుడు ఎదురుగా కళ్లు లేని మొహమేందయ్యా అని. అప్పుడు తెలిసింది నాకు. వేలు తీసేసినా వాళ్లకి ఇంకోటి కనపడుతుంది. అదీ తీసేస్తే ఇంకోటి.

కుండల్లో నీళ్లు పొద్దున ఎన్ని పోస్తే సాయంత్రం అన్ని ఉండేవి. అయినా ఆ పిల్ల చీర చక్కగా కట్టుకుని, తల దువ్వుకుని, వచ్చి కూర్చునేది. అడుగుల చప్పుడు వినపడితే గ్లాసు నింపి ముందుకి చాపేది. అడుగులు పక్కనించి పోయేవి. చాపిన చెయ్యి అట్నే ఉండేది. ఆ నీళ్లు మళ్లీ కుండలో పొయ్యకూడదు గనక పక్కనున్న వేపమొక్కకి పోసేది. ఆ ఏడు ఆ మొక్క ఎట్టా ఏపుగా పెరిగిందో.

అట్టా చెయ్యి చాపి ఉన్నప్పుడే ఒక ముసలాయన వచ్చాడు. యాత్రకి పోయే మనిషి, మెళ్లో తులసిమాల. వచ్చి పిల్ల ఎదురుగా ఆగాడు. ఆగాడని తెలిసి గురవమ్మ మొహం వెలిగింది. తాగండి తాతా, చల్లగా ఉన్నాయి అంది. ఆయన జేబులో చెయ్యి పెట్టి, అర్ధరూపాయి బిళ్ల తీసి, కళ్లకద్దుకుని, ఆ గ్లాసులో వేశాడు. టపుక్కున పడింది. వేసి, పిల్లకి దండం లాంటిది పెట్టి, బస్సెక్కి పోయాడు. చెడ్డవాడు కాదు. ఆ గ్లాసు నిండా నీళ్లున్నాయని కూడా ఆయన చూసినట్టు లేదు. చెయ్యి చాపిన గుడ్డిపిల్ల కనపడింది, అంతే.

గురవమ్మ గ్లాసు ఒళ్లో పెట్టుకుంది. వేలు లోపలికి పెట్టి తడిమింది.

"అర్ధరూపాయి, పెద్దమ్మా" అంది.

అలీ సాహెబుని ఆయన్ని పిలవమంది. అలీ సాహెబు పరిగెత్తాడు గానీ బస్సు కదిలిపోయింది. బిళ్లని చెంగుకి తుడిచి, కుండ పక్కన ఇసకలో పెట్టింది. ఆ నీళ్లు మొక్కకి కూడా పొయ్యలేదు, నేల మీద పారబోసింది. అప్పటిదాకా వేరేవాళ్లు పారబోస్తే విన్నది, అప్పుడు తనే పారబోసింది.

ఒకరు వేస్తే చూసి ఇంకొకరు వేస్తారు. జనానికి అంతే. నీళ్లు తీసుకోని చేతులే బిళ్లలు వెయ్యటానికి ముందుకొచ్చినయ్యి. వద్దండీ, నీళ్లు తాగండి అనేది. పాపం అభిమానం గల పిల్ల అని ఇంకో బిళ్ల వేసేవాళ్లు. ఇసకలో ఉన్న ఆ బిళ్లలు చూసి వెంకటప్పయ్య పోయి చెప్పాడు. ధనుంజయరావుగారు పిలిపించాడు. నేనూ పోయాను. తన తండ్రి పేరు మీద పెట్టిన పందిట్లో అడుక్కుంటున్నారని మాటొస్తే బాగుండదు కదమ్మా అన్నాడు. గట్టిగా కూడా అనలా. నీకు అన్యాయం చెయ్యనులే, చెన్నకేశవస్వామి గుడి మెట్ల మీద మంచి చోటు చెప్పి ఇప్పిస్తాను, ఊరికే కూర్చుంటే చాలు, పూట గడుస్తుంది అన్నాడు. నిజంగా మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

"మా బళ్లో కూర్చోవటం నేర్పలేదండీ" అంది గురవమ్మ.

ఆయనకి అర్థం కాలా. అంత మంచి మాట చెబితే ఈ పిల్ల పొగరేందని వెంకటప్పయ్య నన్ను కసిరాడు.

గది ఆ రోజే ఖాళీ చెయ్యమన్నారు. గురవమ్మ చీపురు అడిగి తీసుకుని మూలమూలలా ఊడ్చింది. చాప చుట్టింది. నేను సంచి పట్టుకుని బయట నిలబడ్డాను. లోపల తలుపేసుకుని గడియ పెట్టుకుంది. నేను తట్టలా. నవ్వు కోసం చెవి పెట్టాను, రాలా. కాసేపుండి గడియ తీసి, కర్ర పట్టుకుని వచ్చేసింది.

మర్నాటికి కొత్త మనిషిని పెట్టారు. చూపున్న మనిషి. ఆవిడకి ఆ పాల కొలత చానా నచ్చింది, నీళ్లు దుబారా పోవు అంది. ఇప్పుడు కూడా ఏ చలివేంద్రంలోనన్నా పొడుగు కాడ కొలత కనపడితే నేను అటు పోను. దప్పికతోనే నడుస్తాను.

టీచరమ్మకి మళ్లీ కార్డు రాయించాను. గురవమ్మ ఇంటికి పోయిందని ఒక్క ముక్క. ఆవిడ నించి జవాబు రాలా. ఆ తరవాత ఆవిడకి ఒంట్లో బాగోలేదనీ, బడి వేరేవాళ్ల చేతిలోకి పోయిందనీ విన్నాను.

వానలు పడ్డాక, ముంజెల కాలం అయిపోయినాక, మా మల్లమ్మని చూసొద్దామని గనుల కాడికి పోయాను. పోయేసరికి మజ్జానం. గుడిసెల్లో ఎవరూ లేరు, అందరూ పనిలో. దూరంగా సుత్తుల చప్పుడు. మా వాళ్ల గుడిసె చూస్తే తడికె లేదు. తలుపుంది. చెక్క తలుపు, పాత పెట్టెల చెక్కలు కొట్టి చేసింది. దానికి కొత్త ఇనప గడియ. మెరుస్తా ఉంది.

బయట వైపు.

తరవాత బసవయ్యే చెప్పాడు. పిల్ల ఆ గది పోయిందని ఏడుస్తంటే, ఏం పోయిందే అని అడిగాడంట. గడియ అందంట. గడియేగా, దానికేముందిరా నేను తెస్తానని మాచర్ల పోయి, రెండు కొట్లు తిరిగి, మంచిది చూసి తెచ్చాడు. తెచ్చి తనే బిగించాడు. గుంటల కాడ పిల్ల ఒక్కతే ఉంటుంది, తూటాలు పేలుస్తుంటారు, బయట పెట్టిపోతే మనకి నిబ్బరంగా ఉంటుంది అనుకున్నాడు. ఇక తాడు కట్టే పనిలేదు కదా వదినా అన్నాడు నాతో. ఎంత సంతోషంగా అన్నాడో.

నేను గడియ తీశాను. గురవమ్మ లోపల గోడకానుకుని కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్లు అట్నే, గీత గీసినట్టు. ఎవరు అని అడగలా. గడియ అవతల ఉంటే, వచ్చేది ఎవరైతేనేం.

"నేనమ్మా, ముంజెలమ్మే రత్తమ్మని" అన్నాను.

నవ్వలా. కూర్చో పెద్దమ్మా అంది. లేచి కుండ దగ్గరికి పోయి చెంబు ముంచింది. గ్లాసు బయటి వైపే పట్టుకుంది, వేలు లోపల పెట్టలా. చెంబు వంచి, తల కొంచెం పక్కకి పెట్టి విన్నది. నీళ్లు అంచు దాకా వచ్చి ఆగినయ్యి. ఒక్క చుక్క పడలా.

వేలు పెట్టినా నేనేమనుకుంటానే అన్నాను.

"ఈడ బస్సులు లేవుగా పెద్దమ్మా. బాగా వినపడుతుంది" అంది.

చానాసేపు కూర్చున్నాను. బస్టాండు సంగతులు చెప్పాను. అలీ సాహెబు అడిగాడన్నాను, వేపమొక్క నీ నడుం దాకా వచ్చిందన్నాను. ఊఁ కొట్టింది. ఏదన్నా చేసుకుంటన్నావా, వంటా గింటా అని అడిగితే, పొయ్యి దగ్గరికి అమ్మ పోనివ్వదు, కాలుతుందని భయం అంది. మరి పొద్దంతా ఏం చేస్తావంటే, కూర్చుంటన్నా అంది. నేను బస్సుకి లేచాను. గడప దాటినాక వెనక నించి పిలిచింది.

"గడియ పెట్టిపో పెద్దమ్మా. నాన్న వచ్చి చూస్తే కంగారుపడతాడు."

కొత్త ఇనుము గదా, గట్టిగా ఉంది. రెండు చేతుల్తో నెట్టాల్సి వచ్చింది.